రెండు గెలుపులు... నాలుగు ఓటములు... ఒక చరిత్ర!

నాలుగు సీజన్లు. 52 ఆటలు. ఖాతాలో రెండు గెలుపులు, నాలుగు ఓటములు. ఈ అంకెలు ఏ మగ ఆటగాడివో అయితే ఎవరూ రెండోసారి చూడరు. అలాంటివాళ్లు అమెరికాలో వేలమంది వచ్చారు, వెళ్లారు. కానీ ఈ లెక్క ఐలా బోర్డర్స్ అనే అమ్మాయిది. మగవాళ్ల జట్టులో చేరి, మగవాళ్లకే బంతులు విసిరి, అందుకు జీతం పుచ్చుకున్న అమ్మాయిది. 1997 నుంచి 2000 దాకా సాగిన ఆ ఆటని తలుచుకుని 'అబ్బ, ఎంత అద్భుతం!' అనడం తేలికే. నిజానికి ఆమె అడిగింది అద్భుతాలు చేసే అవకాశం కాదు. మిగతావాళ్లలాగే తననీ మామూలుగా ఆడనివ్వమంది. అంతే! ఆ 'అంతే' కోసం ఎంత దూరం నడవాల్సి వచ్చిందో చూడండి.

మన బౌలర్... వాళ్ల పిచర్

బేస్‌బాల్ మనకి సినిమాల్లో తప్ప పెద్దగా పరిచయం లేని ఆట. అయినా క్రికెట్ తెలిసినవాళ్లకి అర్థం కావడం కష్టమేం కాదు. మన బౌలర్ లాంటి మనిషిని అక్కడ పిచర్ అంటారు. పరుగెత్తుకుంటూ రావడం ఉండదు. పదంగుళాల ఎత్తున్న మట్టిదిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతి విసరాలి. మోచెయ్యి వంచి విసరొచ్చు. బంతి నేల తాకకుండా నేరుగా బ్యాటర్ దగ్గరికి వెళ్తుంది. కొట్టదగ్గ బంతుల్ని మూడుసార్లు వదిలేసినా, కొట్టబోయి తప్పినా బ్యాటర్ అవుట్. నాలుగు బంతులు గురి తప్పితే మాత్రం అతనికి ఊరికే మొదటి బేస్ ఇచ్చేస్తారు. ఒక్కో జట్టుకి తొమ్మిది ఇన్నింగ్స్. ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్ అయిపోయినట్టే.

ఇంకో విశేషం... మనకి గెలుపోటములు జట్టువి. అక్కడ జట్టుతో పాటు పిచర్ ఖాతాలో కూడా రాస్తారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులిచ్చారో లెక్క కడతారు. ఆ సంఖ్య ఎంత తక్కువైతే అంత మంచి పిచర్ అన్నమాట.

మేడకి మెట్లు

టీవీలో కనిపించే పెద్ద ఆట మేజర్ లీగ్. అందులో జట్లు 30. ఆ మేడ ఎక్కడానికి మెట్లు మైనర్ లీగ్‌లు. 2021 నుంచి ఒక్కో పెద్ద జట్టుకి నాలుగేసి చొప్పున 120 చిన్న జట్లు ఈ మెట్ల మీద ఉన్నాయి. చిన్న చిన్న ఊళ్లు, రాత్రిళ్లు బస్సు ప్రయాణాలు, చౌక హోటళ్లు, చాలీచాలని జీతాలు... ఇదీ మైనర్ లీగ్ బతుకు. ఎంత తక్కువంటే, 2023లో ఆటగాళ్ల సంఘం ఒప్పందం కుదుర్చుకునేదాకా కింది 'ఎ' స్థాయిలో ఏడాదికి వచ్చే కనీస జీతం 11,000 డాలర్లే. ఒప్పందం తర్వాత అది 26,200 అయింది. ఇంత కష్టపడ్డా వీళ్లలో చాలామంది మేడ ఎక్కకుండానే ఇంటిదారి పడతారు.

ఈ 120 జట్లతో సంబంధం లేకుండా, సొంతంగా నడిచే చిన్న లీగ్‌లు మరికొన్ని ఉంటాయి. వాటిని ఇండిపెండెంట్ లీగ్‌లంటారు. పెద్ద జట్లు వద్దన్నవాళ్లు, వయసు మీరినవాళ్లు, ఇంకో అవకాశం కోసం చూసేవాళ్లు అక్కడ చేరతారు. ఐలాకి తలుపు తెరుచుకుంది అక్కడే. అంతకు ముందు ఎన్ని తలుపులు మూసుకున్నాయో తెలిస్తే ఆ మాటకి విలువ అర్థమవుతుంది.

స్టెనోగ్రాఫర్‌కి దొరకని ఆట

1931 ఏప్రిల్ 2. టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగా ఊళ్లో ఓ ప్రదర్శన మ్యాచ్. ఎదుటి జట్టులో ఆ కాలపు మహామహులు బేబ్ రూత్, లూ గెరిగ్. ఆ ఇద్దర్నీ వరసగా అవుట్ చేసింది జాకీ మిచెల్ అనే పదిహేడేళ్ల ఎడమచేతి పిల్ల! జనం నోళ్లు వెళ్లబెట్టారు. అయితే జట్టు యజమాని తమాషాలకి పేరుపడ్డ మనిషి. దాంతో 'నిజంగానే అవుటయ్యారా, పిల్ల కదా అని ఊరికే అయ్యారా?' అన్న వాదన ఈనాటికీ తెగలేదు. అబ్బాయి అవుట్ చేస్తే ఎవరూ అడగని ప్రశ్న అది.

1952 జూన్‌లో పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ జట్టు ఎలెనార్ ఎంగిల్ అనే స్టెనోగ్రాఫర్‌తో ఒప్పందం రాసుకుంది. ఆమె జట్టు దుస్తులు వేసుకుని మైదానంలో సాధన చేసింది, ఫొటోలు దిగింది. ఒక్క ఆట కూడా ఆడకముందే మైనర్ లీగ్‌ల పెద్దలు అడ్డుపడ్డారు. ఆడవాళ్లతో ఒప్పందాలు చెల్లవనీ, ఎవరైనా రాసుకుంటే జరిమానా తప్పదనీ హుకుం జారీ చేశారు. దాంతో పెద్ద జట్ల నీడలో ఉన్న లీగ్‌లన్నింటా ఆడవాళ్లకి దారి మూసుకుపోయింది.

చిన్నపిల్లల ఆటలోనూ అదే తంతు. అక్కడ పిల్లల బేస్‌బాల్‌ని లిటిల్ లీగ్ అంటారు. 1972లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో మరియా పెపే అనే పాప మూడంటే మూడు ఆటలు ఆడేసరికి ఆపేశారు. గొడవ న్యాయస్థానాల దాకా వెళ్లింది. చివరికి 1974లో లిటిల్ లీగ్ అమ్మాయిలకీ తలుపు తీసింది. సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 1975 ఫిబ్రవరిలో పుట్టింది ఐలా.

నాన్నే తొలి గురువు

ఊరు కాలిఫోర్నియాలోని లా మిరాడా. నాన్న ఫిల్ బోర్డర్స్ కూడా ఒకప్పుడు బేస్‌బాల్ ఆడినవాడే. అమ్మాయిలకి అక్కడ సాఫ్ట్‌బాల్ అని వేరే ఆట ఉంది. బంతి పెద్దది, మైదానం చిన్నది. 'ఆడపిల్లవి, అది ఆడుకోవచ్చుగా!' అని ఐలాకి చిన్నప్పటినుంచీ ఎందరో చెప్పారు. తనకి బేస్‌బాలే కావాలంది. నాన్న వద్దనలేదు. దగ్గరుండి నేర్పాడు. లిటిల్ లీగ్‌లో మొదలుపెట్టి, హైస్కూల్లోనూ అబ్బాయిల జట్టులోనే ఆడింది.

తర్వాత కోస్టా మెసాలోని సదరన్ కాలిఫోర్నియా కాలేజీ ఆమెకి బేస్‌బాల్ స్కాలర్‌షిప్ ఇచ్చింది. మగవాళ్ల జట్టులో పిచర్‌గా ఆడేందుకు ఓ అమ్మాయికి చదువు ఖర్చు ఇవ్వడం అంతకు ముందు లేదు. 1994 ఫిబ్రవరి 15న ఆమె తొలి ఆట. పందొమ్మిదేళ్లు ఇంకా నిండలేదు. మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తనే విసిరి, 12-1 తేడాతో జట్టుని గెలిపించింది.

మరి అందరూ నెత్తిన పెట్టుకున్నారా? లేదు. ఎదుటి జట్టువాళ్ల సంగతి సరే, సొంత జట్టులోనే కొందరు ఆమెని సహించలేకపోయారు. దూషణలు, బెదిరింపులు, కావాలని మీదికి బంతులు విసరడం... వీటన్నిటి గురించీ తర్వాత్తర్వాత తనే చెప్పుకుంది. ఎవరి ముందూ ఏడవకూడదని ఒట్టు పెట్టుకుని నెట్టుకొచ్చింది. ఆఖరి ఏడాది విట్టియర్ కాలేజీకి మారి అక్కడ ఆడింది.

పందిపిల్ల ఉన్న జట్టు

1997లో పిలుపొచ్చింది. మినెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ సెయింట్స్ జట్టు నుంచి. నార్తర్న్ లీగ్ అనే ఇండిపెండెంట్ లీగ్‌లో ఆడే జట్టది. పెద్ద లీగ్‌ల హుకుం అక్కడ చెల్లదు. ఇక్కడే ఓ చిక్కుంది. సెయింట్స్ అంటే ఆటకెంత పేరో, వినోదానికీ అంత పేరు. అంపైర్‌కి కొత్త బంతులు అందించడానికి ఓ పందిపిల్లని పెంచేవారు! యజమానుల్లో ఒకడు మైక్ వీక్. ఆయన తండ్రి బిల్ వీక్ 1951లో మూడడుగుల ఏడంగుళాల మనిషిని మేజర్ లీగ్‌లో బ్యాటింగ్‌కి దించిన ఘనుడు. ఇంకో యజమాని హాలీవుడ్ నటుడు బిల్ మరే. ఇలాంటి చోట ఓ అమ్మాయిని తీసుకుంటే ఎవరైనా ఏమంటారు? 'టిక్కెట్లు అమ్ముకోవడానికి ఇదో కొత్త తమాషా' అనే కదా!

ఆ మాట పడుతూనే 1997 మే 31న మైదానంలోకి దిగింది. ఆట సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ జట్టుతో. మొదటి బ్యాటర్‌కే బంతి వెళ్లి తగిలింది. ఆ రోజు ఆమె ఖాతాలో పడ్డవి మూడు పరుగులు. తిన్నగా చెప్పాలంటే... మొదటిరోజు బాగా ఆడలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. కొత్తగా ఉద్యోగంలో చేరిన అబ్బాయి మొదటిరోజు తడబడితే 'కొత్త కదా, అలవాటవుతుందిలే' అంటారు. అమ్మాయి తడబడితే 'చెప్పానా, ఆడవాళ్లకెందుకివి!' అంటారు. అతని తప్పు అతనిదే. ఆమె తప్పు మాత్రం ఆడజాతి మొత్తానిదవుతుంది. ఐలా మోసిన బరువు అదే. అయితే సెయింట్స్ ఓ మంచి పని చేసింది. మర్నాడే మళ్లీ ఆమె చేతికి బంతి ఇచ్చింది. ఈసారి నిలదొక్కుకుంది. ఆ రెండో రోజే గనక లేకపోతే ఐలా కథ ఓ తమాషాగానే ముగిసిపోయేది.

దుస్తులెక్కడ మార్చుకోవాలి?

నెల తిరక్కుండానే, జూన్ 25న, సెయింట్స్ ఆమెని డులూత్-సుపీరియర్ డ్యూక్స్ జట్టుకి ఇచ్చేసింది. సుపీరియర్ సరస్సు ఒడ్డున పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ల జట్టది. 'తమాషా' అన్న పేరు వదిలి, ఆట మీద మనసు పెట్టడానికి ఐలాకి అక్కడ వీలు చిక్కింది.

అయినా రోజువారీ చిక్కులు ఎక్కడికి పోతాయి? స్టేడియాలన్నీ మగవాళ్ల కోసం కట్టినవి. డ్రస్సింగ్ రూము ఒక్కటే. అందులో పాతికమంది మగవాళ్లు. ఐలా దుస్తులు మార్చుకోవాలంటే మేనేజర్ గదో, మరెక్కడైనా ఖాళీగా ఉన్న చోటో వెతుక్కోవాల్సిందే. ఆట అయ్యాక జట్టంతా కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఒకరి తప్పులు ఒకరు సరిదిద్దుకునే సమయంలో తను గోడకి అవతల ఉండేది. ఇది విని 'అంతేగా!' అనుకోకండి. పనిచేసే చోట ఆడవాళ్లకి ఓ గదీ, ఓ బాత్రూమూ లేకపోతే ఎంత నరకమో మనలో చాలామందికి తెలుసు.

మైదానం బయట మాత్రం ఆటోగ్రాఫుల కోసం పిల్లలు బారులు తీరేవారు. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ.

ఆ జూలై రాత్రి

1998 జూలై 9న డ్యూక్స్ ఆమెకి ఆట మొదలుపెట్టే బాధ్యత ఇచ్చింది. మైనర్ లీగ్‌లో ఆటని ఆరంభించిన తొలి మహిళా పిచర్ తనే. ఆ రోజు గెలుపు దక్కలేదు. మళ్లీ అవకాశమిచ్చారు.

జూలై 24. ఎదురుగా మళ్లీ ఆ సూ ఫాల్స్ జట్టే. ఆమెని మొదటిరోజు ముప్పుతిప్పలు పెట్టినవాళ్లే! ఆరు ఇన్నింగ్స్ విసిరింది. ఒక్క పరుగూ ఇవ్వలేదు. బ్యాటర్లు కొట్టగలిగింది మూడంటే మూడు. డ్యూక్స్ 3-1తో గెలిచింది. మగవాళ్ల మైనర్ లీగ్‌లో ఓ మహిళా పిచర్ ఖాతాలో మొదటిసారి గెలుపు పడింది. అప్పటికి ఆమె వయసు 23. ఆ రోజుల్లో వరసగా 12 ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా ఆడింది.

1999లో విస్కాన్సిన్‌లోని మాడిసన్ బ్లాక్ వుల్ఫ్ జట్టుకి మారింది. ఆమె బాగా రాణించింది అక్కడే. 15 ఆటల్లో 32 ఇన్నింగ్స్ పైచిలుకు ఆడి, సగటున 1.67 పరుగులే ఇచ్చింది. అంటే ఆటకి రెండు ఇన్నింగ్స్ చొప్పున అన్నమాట. బ్యాటర్లు ఆమె బంతుల గుట్టు పట్టుకునేలోపే మార్చేస్తే ఎంత ఉపయోగమో ఆ ఏడాది తేలింది. ఆ సీజన్లోనే రెండో గెలుపూ వచ్చింది.

వేగం తక్కువ... తెలివి ఎక్కువ

'నిజంగా మగవాళ్లతో సమానంగా ఆడిందా?' అని మీరడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మేజర్ లీగ్ పిచర్ల వేగవంతమైన బంతి ఈ రోజుల్లో గంటకి 150 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటోంది. ఐలా బంతి వేగం 130 కిలోమీటర్లకి అటూ ఇటూ. తేడా చిన్నదేం కాదు. దాన్ని గురితోనూ మలుపుతోనూ పూడ్చుకుంది. ఆమె ఆయుధం స్క్రూబాల్. మన గూగ్లీలా, మామూలుగా తిరగాల్సిన వైపు కాకుండా రెండో వైపు తిరిగే బంతి. కాకపోతే ఇది తిరిగేది గాల్లోనే. ఎడమచేత్తో విసరడంతో కుడిచేతివాటం బ్యాటర్లకి అది దూరంగా జారిపోయేది.

ఈ కిటుకు అన్నిసార్లూ పారలేదు. నాలుగు సీజన్లూ కలిపి చూస్తే ఆమె సగటు 6.75. మంచి సగటేం కాదు. దాచాల్సిన పనీ లేదు. 2000లో యూటా రాష్ట్రంలోని జయాన్ పయొనీర్స్ జట్టులో చేరింది. జూన్ చివర్లో ఓ ఆటలో మూడు పరుగులిచ్చాక, ఇక చాలనుకుంది. ఆటకి సెలవు చెప్పేసింది. ఎవరూ తీసెయ్యలేదు. తనకి తానే నిర్ణయించుకుంది. అప్పటికి పాతికేళ్లు.

మంటలార్పే ఉద్యోగం

తర్వాత ఐలా ఏం చేసిందనుకున్నారు? ఫైర్‌స్టేషన్‌లో చేరింది! ఒరెగాన్ రాష్ట్రంలో మంటలార్పే ఉద్యోగం, దాంతో పాటే ప్రమాదాల్లో చిక్కుకున్నవాళ్లకి అక్కడికక్కడ ప్రథమ చికిత్స చేసే పని. మళ్లీ మగవాళ్లే ఎక్కువగా ఉండే చోటే. జీన్ హేస్టింగ్స్ ఆర్డెల్‌తో కలిసి రాసిన ఆమె ఆత్మకథ 2017లో వచ్చింది. తను ఇష్టపడేది స్త్రీలనేనన్న సంగతి ఆడే రోజుల్లో చెప్పుకోలేకపోయానని అందులో రాసుకుంది. అందరి కళ్లూ తన మీదున్న చోట, మనసులో మాట చెప్పుకునే తోడు లేకుండా నాలుగేళ్లు ఆడిందన్నమాట.

మరికొందరు మహిళా పిచర్లు

మేమీ జాన్సన్: అమెరికాలో 1943 నుంచి 1954 దాకా ఆడవాళ్లకి విడిగా ఓ లీగ్ నడిచింది. నల్లజాతి అమ్మాయి కావడంతో మేమీని అందులోకి రానివ్వలేదు. 1953 నుంచి నల్లజాతి పురుషుల జట్టు ఇండియానాపోలిస్ క్లౌన్స్‌లో పిచర్‌గా ఆడింది.

ఎరి యోషిదా: జపాన్ అమ్మాయి. 2008లో పదహారేళ్లకే అక్కడి పురుషుల ఇండిపెండెంట్ జట్టు తీసుకుంది. 2010లో అమెరికా వచ్చి చీకో అవుట్‌లాస్ జట్టుకి ఆడింది. ఆమెది నకుల్‌బాల్. నెమ్మదిగా, ఎటు పోతుందో తెలియకుండా ఊగుతూ వెళ్లే బంతి. వేగం లేకపోతేనేం అని నిరూపించింది.

కెల్సీ విట్‌మోర్: 2022లో స్టాటెన్ ఐలాండ్ జట్టు తరఫున అట్లాంటిక్ లీగ్‌లో, 2024లో ఓక్‌లాండ్ బాలర్స్ తరఫున పయొనీర్ లీగ్‌లో మగవాళ్లతో ఆడింది. కొత్తగా మొదలవుతున్న మహిళల వృత్తి లీగ్ కోసం 2025 నవంబరులో ఆటగత్తెల్ని ఎంచుకున్నప్పుడు మొట్టమొదట పిలిచిన పేరు ఆమెదే.

రెండో రోజు

ఐలా తర్వాత తలుపులు బార్లా తెరుచుకున్నాయని చెప్పలేం. మేజర్ లీగ్‌లో ఇప్పటికీ ఓ మహిళ ఆటగత్తెగా దిగలేదు. చుట్టుపక్కల మాత్రం కాస్త కదలిక వచ్చింది. 2025 ఆగస్టులో జెన్ పావల్ మేజర్ లీగ్ సీజన్ ఆటలో అంపైర్‌గా నిలబడిన తొలి మహిళ అయింది. ఆమె కూడా 2016 నుంచి మైనర్ లీగ్‌ల మెట్లన్నీ ఎక్కుతూ వచ్చిన మనిషే.

మన ఆడవాళ్ల విజయాల గురించి రాసేటప్పుడు 'తొలి', 'ఏకైక', 'అసామాన్య' అనే మాటలు ఊరికే దొర్లిపోతుంటాయి. వింటున్న పిల్లకి అందులో ఓ చేటు కూడా ఉంది. అసామాన్యురాలివైతేనే రా, లేకపోతే ఇంట్లో కూర్చో అన్నట్టు వినిపిస్తుంది. మగపిల్లలకి అలా చెప్పం కదా! మామూలుగా ఆడే అబ్బాయిలు వేలమంది మైదానాల్లో ఆడుతూ, ఓడుతూ, నేర్చుకుంటూనే ఉంటారు. ఐలా సాధించింది ఆ మామూలుతనాన్నే. రెండుసార్లు గెలిచింది, నాలుగుసార్లు ఓడింది, తనకి చాలనిపించినప్పుడు మానేసింది.

మీ ఇంట్లోనూ ఏ ఆటలోనో, పోటీ పరీక్షలోనో, కొత్త ఉద్యోగంలోనో మొదటిరోజు తడబడి ముఖం చిన్నబుచ్చుకుని వచ్చే అమ్మాయి ఉండొచ్చు. 'నీకెందుకమ్మా ఇవన్నీ' అనకండి. అన్నం పెట్టి, కాసేపు కబుర్లు చెప్పి పడుకోబెట్టండి. మర్నాడు పొద్దున్నే మళ్లీ పంపండి!